జత పోయిన కుందేలుకి

జంటగా పెంచుకున్న కుందేళ్లలో ఒకటి చనిపోతే వెంటనే తీసుకెళ్లి పూడ్చేయకండి. ఓ గంటో రెండు గంటలో రెండోదాని దగ్గర ఉంచండి. అంటురోగంతో పోయి ఉంటే మాత్రం ముందు డాక్టరును అడగాలి. మా తెల్లది మూతితో పొడిచి చూసింది, చెవులు నాకింది, కాసేపు ఆనుకుని పడుకుంది. తర్వాత తనే లేచి పక్కకు వెళ్లిపోయింది. చూడనివ్వకపోతే కొన్ని రోజుల తరబడి మూలమూలా వెతుక్కుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం తిండి. దిగులుతో మేత మానేస్తే కుందేలుకి పేగుల కదలిక మందగించి ప్రాణం మీదికొస్తుంది. రోజూ పెంటికలు చూడండి. చిన్నవైనా, తగ్గినా జాగ్రత్తపడాలి. 10-12 గంటలు ఏమీ ముట్టకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నేనైతే కొత్తిమీర కట్ట చేత్తో పట్టుకుని నేల మీద కూర్చునేదాన్ని. మొదటి రెండ్రోజులూ ఆ కొత్తిమీరను మాత్రం వాసన చూసి వదిలేసింది, మూడో రోజు ఒక్క రెమ్మ లాక్కుంది. ఎత్తుకుని ముద్దు చేయడం కన్నా అలా పక్కన కూర్చోవడమే వాటికి ఊరట.

కొత్త జతను తెస్తే నేరుగా బోనులో వదలకండి, కరుచుకుంటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే, రెండిటికీ కొత్తైన చోట మెల్లగా కలపండి.