లంక ఊళ్ల పంటలు, వంటల జ్ఞాపకాలను నమోదు చేయడం ఎలా

గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమ లంకల్లో గత నలభై, యాభై ఏళ్లలో పొలమూ మారింది, పళ్లెమూ మారింది. ఆ మార్పు ఎలా జరిగిందో వివరంగా చెప్పగలవారిలో చాలామంది ఇప్పుడు డెబ్భై దాటినవారు. ఆ సంగతులను రాసిపెట్టదలచిన విద్యార్థులకూ, ఊరి ఉపాధ్యాయులకూ పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట కాలపట్టిక తయారు చేసుకోవాలి. "ఏ సంవత్సరంలో పొగాకు మానేశారు?" అని నేరుగా అడిగితే వచ్చే జవాబు చాలావరకు ఊహే అవుతుంది, ఎందుకంటే లంకవారు కాలాన్ని గుర్తుపెట్టుకునేది వరదలతో, తుపాన్లతో, పుష్కరాలతో. అందుచేత 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను, 2006 ఆగస్టు వరద, 2022 జులై వరదలను, వాటి మధ్య వచ్చిన 1991, 2003, 2015 గోదావరి పుష్కరాలను నోటుపుస్తకంలో ముందే వరుసగా రాసుకుని, ప్రతి ప్రశ్ననూ వాటిలో ఒకదానికి ముడిపెట్టాలి. "మామ్మగారూ, ఎనభయ్యారు వరదకి మీ చేలో ఏముందండీ? నీరు లాగాక ఏం వేశారండీ?" అన్న ప్రశ్నకు పంట పేరుతోపాటు విత్తనం ఎక్కడ దొరికింది, అప్పు ఎవరిచ్చారు, ఆ నెలలో ఇంట్లో ఏం తిన్నారు అన్నవి కూడా వాటంతటవే బయటికి వస్తాయి.

సంవత్సరం తేలాక కార్తె, అంటే రైతులు సాగుకు లెక్కపెట్టుకునే సుమారు రెండు వారాల కాలం, ఏదో అడగండి. ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 వరద ఆశ్లేష కార్తె చివరి రోజుల్లో వచ్చింది. 25 లక్షలు దాటిన 2022 వరద పునర్వసులోనే వచ్చింది. నీటి పరిమాణం ఎంత ముఖ్యమో, అది వచ్చేసరికి అరటి, కంద, పసుపు ఎంత ఎదుగుదలలో ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం. అయితే రెండు వరదలను పోల్చి వాతావరణం మారిందని తీర్పు చెప్పకండి. మీ పని తీర్పు కాదు, నమోదు.

ఈ ప్రశ్నలను అరుగు మీద కూర్చుని అడగడం కంటే ఏటి ఒడ్డు వెంట నడుస్తూ అడగడం మేలు. ఏటి కోతలో పోయిన చేను ఎంతవరకు ఉండేది, ఒండ్రు పట్టిన చోటు ఏది, ఇసుక మేట వేసి పంటకు పనికిరాకుండా పోయిన చోటు ఏది అన్నవి అక్కడ నిలబడి చెయ్యి చాపి చూపించడం వారికి సులువు, మీకు పటం గీసుకోవడం సులువు. దిగుబడిని బస్తాల్లో చెబితే బస్తా ఎన్ని కిలోలో, కుంచాల్లో చెబితే ఆ కుంచం ఎంతో వెంటనే అడిగి రాసుకోవాలి.

తిండి సంగతులు వండినవారినే అడగాలి. ఇంటి పెద్దాయన "అప్పటి తిండే వేరు" అని ముగించే చోట ఆయన భార్య అరగంట చెప్పగలరు. చేలోంచి వచ్చినది ఏది, ఏటి నుంచి వచ్చినది ఏది, కొట్టు నుంచి తెచ్చినది ఏది అని మూడుగా విడదీసి, కార్తెల వరుసలో అడగండి. ఎర్రనీరు వచ్చే రోజుల్లో పులస ఏ రేవులో పడేది, ఎవరి ఇళ్లకు వెళ్లేది. చీరమేను అనే సన్నటి చేపపిల్లలు ఎప్పుడు వచ్చేవి. వరద చుట్టుముట్టినప్పుడు అటక మీద బియ్యంతోపాటు ఎండుచేపలు, ఊరగాయలు ఏమేం దాచేవారు. తరవాణి (పులియబెట్టిన గంజినీరు) కుండ ఇంట్లోంచి ఎప్పుడు వెళ్లిపోయింది, ఎందుకు వెళ్లిపోయింది అన్నవి వదలకూడని ప్రశ్నలు. వంటకం పేరు ఒక్కటే రాస్తే ఉపయోగం తక్కువ. కంద బచ్చలి కూరకు ఏ కంద వాడేవారు, దురద పోవడానికి ఏం చేసేవారు, ఆవ ఎప్పుడు కలిపేవారు అన్నంత దూరం వెళ్లాలి.

భూమి ఉన్నవారితోనే ఆపేస్తే సగం ఊరే నమోదవుతుంది. కౌలురైతుకు వరద అంటే పంట పోయాక కూడా మిగిలే మక్తా, అంటే భూయజమానికి కట్టాల్సిన కౌలు; కూలికి వెళ్లే తల్లికి పని లేని రోజులు; చేపలు పట్టేవారికి కొన్నిసార్లు అదే ఆదాయం. ఒకే ఏడాది గురించి ఈ ఇళ్లలో చెప్పేవి పొసగకపోతే సర్దకుండా, ఎవరిది వారి మాటల్లోనే, వారి యాసలోనే పక్కపక్కన రాయండి. పంటల సంగతుల్లో సందేహం మిగిలితే గ్రామ అడంగల్ (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే రెవెన్యూ రికార్డు) చూడవచ్చు, కానీ కౌలుదారు పేరు అందులో లేనంత మాత్రాన ఆయన మాట అబద్ధం కాదు. వరి వంగడాల విషయంలో మరో ఆధారం ఉంది: మార్టేరు పరిశోధన స్థానం నుంచి స్వర్ణ విడుదలైంది 1982లో కనుక, అంతకు చాలా ముందే దాన్ని వేశామని ఎవరైనా అంటే అది మరో వంగడం అయివుంటుంది, పైరు ఎత్తు, గింజ రంగు అడిగితే తేలుతుంది.

ఫోనులో మాటలు రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోవాలి. అప్పుల సంగతులు, సరిహద్దు తగాదాలు వచ్చినప్పుడు రికార్డు ఆపేయాలి. రాసినదాన్ని చెప్పినవారికే చదివి వినిపించి సవరించాక, ఒక ప్రతి ఆ ఇంటికి, మరొకటి ఊరి బడికి ఇవ్వండి. ప్రతి ఇంటి వివరాల తరువాత రెండు పేజీలు ఖాళీగా వదలండి. 2027 పుష్కరాలకు హైదరాబాదు నుంచి, విదేశాల నుంచి వచ్చే చుట్టాలు చేర్చవలసినవి, కాదనవలసినవి చాలానే ఉంటాయి.