సర్వర్లో యూమాస్క్ మార్చే ముందు

యూమాస్క్ అంటే కొత్తగా పుట్టే ఫైల్‌కి ఏ అనుమతులు ఇవ్వకూడదో చెప్పే అంకె. ఆడిట్ వాళ్లు "యూమాస్క్ 027 చేయండి" అని ఒక్క లైను రాసి పంపేస్తారు. మార్చేదీ ఒక్క లైనే, తిప్పలన్నీ ఆ తర్వాతే. 644 అనుమతులతో (అందరూ చదవగలిగేలా) పుట్టాల్సిన ఫైళ్లు 640తో (మిగతావాళ్లు చదవలేకుండా) పుడతాయి. డిప్లాయ్ యూజర్ కొత్తగా పెట్టిన పేజీని వెబ్ సర్వర్ అయిన ఎన్‌జిన్‌ఎక్స్ చదవలేక 403 (అనుమతి లేదు) చూపిస్తుంది. ఇంకాస్త గట్టిగా 077 పెట్టారా, రూట్ (అడ్మిన్) షెల్ నుంచి పైథాన్ లైబ్రరీలు ఎక్కించే పిప్‌తో ఎక్కించిన లైబ్రరీ మిగతా యూజర్లకు ఇంపోర్ట్ అవ్వదు.

అందుకే చెయ్యి పెట్టే ముందు, ఇప్పుడు ఏ ప్రాసెస్ ఏ యూమాస్క్‌తో నడుస్తోందో రాసిపెట్టుకోండి. టెర్మినల్లో యూమాస్క్ అని కొడితే వచ్చేది మీ షెల్‌ది మాత్రమే; దాన్ని చూసి సర్వీసుల సంగతి తేల్చకండి. అడగాల్సింది లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌ని. /ప్రాక్ కింద ఆ పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఫోల్డర్లో ఉండే స్టేటస్ ఫైల్ తెరిస్తే పేరు కిందే యూమాస్క్ లైను ఉంటుంది, 0022 లాంటి అంకెతో.

ఈ లైను 2016 జులైలో వచ్చిన లినక్స్ 4.7 నుంచే ఉంది. అంతకుముందు వేరే ప్రాసెస్ యూమాస్క్ చూడ్డానికి సూటి దారే లేదు. ప్రోగ్రామ్ తన సొంతది చూసుకోవాలన్నా, కెర్నెల్‌ని అడిగే సిస్టమ్ కాల్‌తో ఏదో ఒక కొత్త విలువ పెడితేనే పాతది చేతికొస్తుంది, మళ్లీ పాతది పెట్టేయాలి. చాలామంది సున్నా పెట్టేవారు. ఆ రెండు కాల్స్ మధ్య సందులో అదే ప్రోగ్రామ్‌లోని ఇంకో థ్రెడ్ ఫైల్ సృష్టిస్తే అది అందరూ రాయగలిగే 666తో పుట్టొచ్చు. మీ కోడ్‌లో ఇప్పటికీ ఈ పద్ధతి ఉంటే తీసేసి స్టేటస్ ఫైల్ చదివించండి.

చదివే స్క్రిప్ట్ లైను నంబర్‌ని కాకుండా పేరును పట్టుకోవాలి. ఈ లైను చేరాకే స్టేట్ అనేది రెండో లైను నుంచి మూడోదానికి జరిగింది. ముగిసిపోయినా జాబితాలో మిగిలి ఉండే జాంబీ ప్రాసెస్‌కి ఈ లైనే ఉండదు, అక్కడ స్క్రిప్ట్ పడిపోకుండా చూసుకోండి. సర్వీసులన్నింటినీ నడిపే, పీఐడీ 1గా ఉన్న సిస్టమ్‌డీకి 0000 కనిపిస్తే కంగారొద్దు. తనకి సున్నా పెట్టుకున్నా, సిస్టమ్ సర్వీసులకు మామూలుగా 0022 ఇచ్చే పంపుతుంది. జాబితాలో పీఐడీతో పాటు పేరు కూడా ఉండాలి, రీస్టార్ట్ అయ్యాక పీఐడీ మారిపోతుంది కదా.

లాగిన్ అయ్యే యూజర్లకు వర్తించే లాగిన్ డెఫ్స్ ఫైల్లో మార్చి సర్వీసులూ మారాయనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. సర్వీసుకి దాని యూనిట్ ఫైల్లోనే (ఆ సర్వీసు సెట్టింగులుండే ఫైల్) పెట్టాలి. అక్కడ ఇంగ్లిష్‌లో UMask అని రాయాలి, యు, ఎమ్ రెండూ పెద్దక్షరాలు. స్టేటస్ ఫైల్లో యు ఒక్కటే. యూనిట్లో ఎమ్ చిన్నది రాస్తే సిస్టమ్‌డీ లాగ్‌లో ఓ హెచ్చరిక పడేసి ఆ లైను వదిలేస్తుంది, సర్వీసు మాత్రం హాయిగా లేస్తుంది. అందుకే రీస్టార్ట్ చేశాక స్టేటస్ మళ్లీ చూడాల్సిందే. రూట్ హక్కులతో కమాండ్ నడిపే సుడో విషయం వేరు: మామూలు సెట్టింగ్‌లో మీ యూమాస్క్‌కి తన 0022 కలుపుతుంది, కాబట్టి ఇంకా బిగుస్తుందే తప్ప వదులవదు.

యూమాస్క్ లెక్క తీసివేత కాదు, బిట్లు ఆర్పడం. 666కి 033 పెడితే వచ్చేది 633 కాదు, 644. ఫోల్డర్‌కి డిఫాల్ట్ ఏసీఎల్ (విడిగా రాసిన అనుమతుల జాబితా) ఉంటే అక్కడ పుట్టే ఫైళ్లకు యూమాస్క్ అసలు వర్తించదు. పాత ఫైళ్ల జోలికీ అది పోదు, వాటికి అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ విడిగా చేయాలి.

మార్పు శుక్రవారం సాయంత్రం పెట్టుకోకండి. ఒక్కో సర్వీసే మార్చి, అది కొత్తగా సృష్టించిన ఫైల్ పర్మిషన్లు చూశాకే రెండోదానికి వెళ్లండి. పాత విలువల జాబితాని టెంప్ ఫోల్డర్లో పెట్టొద్దు, చాలా సర్వర్లలో రీబూట్ అయితే అది ఖాళీ అయిపోతుంది.