వెన్నులో ఇంజక్షన్‌కి వెళ్లే ముందు

నెలల తరబడి మాత్రలు వాడారు, ఫిజియోథెరపీ చేయించుకున్నారు, ఎంఆర్ఐ కూడా తీయించారు. నొప్పి మాత్రం తగ్గలేదు. చివరికి డాక్టర్ గారు "అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఒక ఇంజక్షన్ చేద్దాం" అన్నారు. ఇక ఇంట్లో తలో మాటా మొదలవుతుంది. వెన్నులో సూది దిగితే కాళ్లు పడిపోతాయని ఒకరంటే, పక్కవీధి ఆయనకి ఒక్క ఇంజక్షన్‌తో నొప్పి మాయమైపోయిందని ఇంకొకరంటారు. నేను మత్తు డాక్టర్ని, నొప్పి వైద్యంలో ఈ ఇంజక్షన్లు చేస్తుంటాను కాబట్టి ఈ రెండు మాటలూ వినని వారం ఉండదు. మీకు టెన్షన్ పెట్టాలనీ లేదు, ఆశలు పెంచాలనీ లేదు. చెప్పదలుచుకున్నది ఒకటే. స్క్రీన్ మీద నాకు సూది కనబడుతుంది, నరం కనబడుతుంది, రక్తనాళం కనబడుతుంది. మీరు రోజూ వేసుకునే మాత్రలు, మొన్నటి మీ షుగర్, నిన్న రాత్రి వచ్చిన జ్వరం కనబడవు. అవి మీరే చెప్పాలి. ఈ ఇంజక్షన్లలో తప్పించుకోదగ్గ ప్రమాదాలు చాలావరకు ఇంజక్షన్‌కి ముందు వారంలోనే తప్పిపోతాయి.

అసలు ఇంజక్షన్ కావాలా?

ముందు ఇది తేల్చుకోండి. డిస్క్ జారి నరం నొక్కుకుపోయి, నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా, పాదం దాకా కరెంటు షాక్‌లా పాకుతూ ఉండి, అది మొదలై కొన్ని వారాలే అయితే ఎపిడ్యూరల్ ఇంజక్షన్‌తో (వెన్నుపాము పొరకి బయట ఉండే ఖాళీలోకి మందు ఇవ్వడం) కొంత ఉపశమనం దొరికే అవకాశం ఉంది. నడుం దగ్గరే ఉండిపోయే మామూలు నొప్పికి ఈ ఇంజక్షన్లు వద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే చెప్పింది. తీవ్రంగా, కొత్తగా వచ్చిన సయాటికాకి (ఇలా కాల్లోకి పాకే నరం నొప్పికి) మాత్రం ఆలోచించవచ్చంది. 2025లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు ఇంకా గట్టిగా మాట్లాడాయి. మూడు నెలలు దాటిన దీర్ఘకాలిక వెన్నునొప్పికి ఇలాంటి ఇంజక్షన్లు చేయవద్దన్నాయి. నొప్పి వైద్యుల సంఘాలు కొన్ని దీన్ని ఒప్పుకోలేదు. నా అభిప్రాయం అడిగితే, ఇంజక్షన్ డిస్క్‌ని వెనక్కి నెట్టదు, అరిగిన కీలుని బాగుచేయదు. అందులో ఉండే స్టెరాయిడ్ మందు నరం చుట్టూ ఉన్న వాపుని కొన్ని వారాలు తగ్గిస్తుంది. ఆ వారాల్లో నడక, వ్యాయామం మొదలుపెట్టే ఉద్దేశం ఉన్నవాళ్లకి అది పనికొస్తుంది. ఉపశమనం దొరికింది కదా అని మళ్లీ బస్తాలు ఎత్తడానికి వెళ్లేవాళ్లకి పెద్దగా ఉపయోగం ఉండదు.

కొన్ని లక్షణాలుంటే ఇంజక్షన్ మాట పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలవిసర్జన మీద పట్టు తప్పడం, కూర్చుంటే ఆనే చోట తిమ్మిరి, పాదం పైకి లేవకపోవడం, ఇవి కనబడితే రేపటిదాకా ఆగకూడదు. ఇంకో మాట. మన దగ్గర వెన్నెముక టీబీ ఇంకా ఉంది. సాయంత్రం పూట కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. టీబీ ఉన్నచోట స్టెరాయిడ్ పడితే నొప్పి కొన్నాళ్లు అణిగి, లోపల జబ్బు ముదురుతుంది.

అల్ట్రాసౌండ్ ఎక్కడ మంచిది, ఎక్కడ చాలదు

"అల్ట్రాసౌండ్‌లో చేస్తున్నారు, రేడియేషన్ కూడా లేదు, ఇంకేం భయం" అనుకోవడం సగం నిజమే. రేడియేషన్ లేదన్న మాట నిజం. అందుకే గర్భిణులకి ఏదైనా చేయక తప్పని పరిస్థితి వస్తే దీనివైపే మొగ్గుతాం. కండరాలు, పైపైన ఉండే నరాలు, తుంటి వెనకాల ఉండే శాక్రోఇలియాక్ కీలు, తోకెముక పైనుంచి ఇచ్చే కాడల్ ఎపిడ్యూరల్, వెన్నుపూసల వెనక ఉండే ఫాసెట్ కీళ్లు, వీటికి అల్ట్రాసౌండ్ బాగా ఉపయోగపడుతుంది. మెడలో అయితే ఇంకో లాభం కూడా ఉంది. రక్తం పారడాన్ని చూపే డాప్లర్ పెట్టగానే రక్తనాళాలు రంగుల్లో కనబడతాయి కాబట్టి సూదిని వాటికి తగలకుండా నడిపించవచ్చు.

కానీ ధ్వని తరంగాలు ఎముకని దాటి వెళ్లవు. స్క్రీన్ మీద ఎముక తెల్లటి గీతలా మెరుస్తుంది, దాని వెనకంతా నల్లటి నీడే. ఆ నీడలో ఏముందో మాకూ కనబడదు. లావుగా ఉన్నవాళ్లలో లోతు పెరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. నడుంలో నరం బయటికొచ్చే రంధ్రం దగ్గర చేసే ఇంజక్షన్‌కి సీ-ఆర్మ్ (కదిలే బొమ్మ చూపే ఎక్స్‌రే యంత్రం) కింద రంగుమందు వేసి, అది ఎటు పాకుతుందో చూసి చేయడమే స్థిరపడిన పద్ధతి. మందు రక్తనాళంలోకి పోతోందా అన్నది ఆ రంగుమందుతోనే తెలుస్తుంది. కాబట్టి "నాకు చేసేది ఏ చోట? దానికి అల్ట్రాసౌండ్ ఒక్కటే చాలా, సీ-ఆర్మ్ కూడా కావాలా?" అని అడగండి. అలా అడిగితే మంచి డాక్టరెవరూ చిన్నబుచ్చుకోరు.

మెడ ఇంజక్షన్ అయితే ఇంకొకటి కూడా అడగాలి, ఏ స్టెరాయిడ్ వాడుతున్నారని. ట్రయామ్సినోలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్ సీసాలో పాలలా తెల్లగా ఉంటాయి, వాటిలో సన్నటి రేణువులుంటాయి. డెక్సామెథసోన్ నీళ్లలా ఉంటుంది. మెడలో నరాల పక్కనుంచి మెదడుకి, వెన్నుపాముకి వెళ్లే చిన్న ధమనులున్నాయి. వాటిలోకి పొరపాటున రేణువులు పోతే రక్తం అందక పక్షవాతం రావచ్చు. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజక్షన్ల తర్వాత అరుదుగానైనా చూపు పోవడం, పక్షవాతం, మరణం దాకా వెళ్లిన కేసులున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. ఆ మరుసటి ఏడాది అక్కడి వైద్య సంఘాలు కలిసి, మెడలో నరం రంధ్రం దగ్గర చేసే ఇంజక్షన్‌లో రేణువులున్న స్టెరాయిడ్ వాడకూడదని తేల్చాయి. ఇవి చాలా అరుదు. అరుదైనా కోలుకోలేని నష్టం కాబట్టే అడగమంటున్నాను. మెడ ఇంజక్షన్‌కి పూర్తిగా నిద్రపుచ్చమని కూడా పట్టుబట్టకండి. సూది నరానికి తగులుతుంటే "చెయ్యి జివ్వుమంది డాక్టర్" అని చెప్పడానికి మీరు మెలకువగా ఉండాలి.

మాత్రల కవర్ తెచ్చి బల్ల మీద పెట్టండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పేర్లు గుర్తుండవు, స్ట్రిప్ మీద సగం చిరిగిపోయి ఉంటుంది, అయినా ఫరవాలేదు. ఇంట్లో ఉన్న కవర్ ఉన్నదున్నట్టు తెచ్చేయండి. "గుండె మాత్ర ఒకటి, బీపీ మాత్ర ఒకటి" అని నోటితో చెబితే చాలదు. ఆ గుండె మాత్ర రక్తం పలచబరిచేదా కాదా అన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది.

యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, వార్ఫరిన్, అసిట్రోమ్, రివరాక్సాబాన్, అపిక్సాబాన్, డాబిగాట్రాన్, ఇవన్నీ ఆ కోవలోవే. ఇవి వాడుతున్నవాళ్లకి వెన్నుపాము పక్కన చిన్న రక్తనాళం తెగినా రక్తం ఆగకుండా పోగై వెన్నుపాముని నొక్కేయవచ్చు. ఎపిడ్యూరల్ ముందు క్లోపిడోగ్రెల్‌ని మామూలుగా 7 రోజులు, వార్ఫరిన్‌ని 5 రోజులు ఆపి, వార్ఫరిన్ అయితే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష కూడా చూస్తారు. ఈ అంకెలు చదివి మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి. ఈ మధ్యే స్టెంట్ వేయించుకున్నవాళ్లు, గుండె వాల్వ్ మార్పించుకున్నవాళ్లు మాత్ర ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు, వాల్వ్ మీద గడ్డ కట్టవచ్చు. నడుం నొప్పి కోసం గుండెపోటు తెచ్చుకోవడం ఎవరికీ వద్దు. ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది మీ గుండె డాక్టర్, ఇంజక్షన్ చేసే డాక్టర్ మాట్లాడుకుని కాగితం మీద రాసివ్వాలి. కండరంలో చేసే ఇంజక్షన్ లాంటి చిన్నవాటికి చాలాసార్లు ఆపక్కర్లేదు కూడా.

ఎవరూ చెప్పని మందులు రెండున్నాయి. తామరకి వాడే ఇట్రాకొనజోల్ ఇప్పుడు ఇంటింటా కనబడుతోంది. దాన్ని చర్మం మందే కదా అనుకుంటారు. హెచ్ఐవీ మందుల్లో రిటోనావిర్ ఉండేవి ఇంకొకటి. ఈ రెండూ స్టెరాయిడ్‌ని శరీరంలోంచి త్వరగా బయటికి పోనివ్వవు. ఒక్క ట్రయామ్సినోలోన్ ఇంజక్షన్‌కే మొహం ఉబ్బి, షుగర్ పెరిగి, శరీరంలో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోయే పరిస్థితి రావచ్చు. హెచ్ఐవీ సంగతి అందరి ముందూ చెప్పడం కష్టం, అర్థం చేసుకోగలను. డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. ఆ విషయం గోప్యంగా ఉంచడం మా బాధ్యత.

మోకాలికి చేయించిన ఇంజక్షన్, ఊళ్లో ఆర్ఎంపీ నొప్పికని చేసిన ఇంజక్షన్, ఎవరో ఇచ్చిన పేరు లేని పొడి, వీటన్నిటి లెక్కా చెప్పండి. పేరు లేని నొప్పుల మందుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం కొత్త సంగతేం కాదు. ఏడాదికి మూడు నాలుగు స్టెరాయిడ్ ఇంజక్షన్లు మించకుండా చూస్తాం. ఆ లెక్కలో మోకాలిదీ, భుజానిదీ కూడా చేరతాయి. మొదటిది ఏమాత్రం పనిచేయకపోతే అదే ఇంజక్షన్ మళ్లీ చేయించుకోవడంలో అర్థం లేదు. "మూడు కలిపి ప్యాకేజీ" అని ముందే డబ్బు కట్టమంటే ఒప్పుకోకండి.

షుగర్ ఉన్నవాళ్లు

స్టెరాయిడ్ వెన్నులో పడినా రక్తంలోకి కొంత చేరుతుంది. రెండు మూడు రోజులు, కొందరిలో వారం దాకా షుగర్ ఎగబాకుతుంది. రోజూ 140 ఉండేవాళ్లకి 300 కనబడినా ఆశ్చర్యం లేదు. ఇంట్లో గ్లూకోమీటర్, సరిపడా స్ట్రిప్పులు ముందే పెట్టుకోండి, ఆ వారం పొద్దునా సాయంత్రం చూసుకోండి. ఎంత దాటితే ఫోన్ చేయాలో, ఇన్సులిన్ ఎంత మార్చాలో మీ షుగర్ డాక్టర్‌ని ముందే అడిగి రాసుకోండి. ఇంజక్షన్ రోజు షుగర్ 250 దాటి ఉంటే వాయిదా వేయడమే మేలు, ఇన్‌ఫెక్షన్ పట్టే ప్రమాదం పెరుగుతుంది. వాయిదా వేశారని బాధపడకండి.

జ్వరం, మూత్రంలో మంట, పంటి చీము, నడుం మీద సెగగడ్డ ఉన్నా అంతే, తగ్గాకే రావాలి. లోకల్ అనస్థీషియా (గుచ్చే చోట మొద్దుబార్చే మందు), అయోడిన్ రంగుమందు ఎప్పుడైనా పడకపోతే చెప్పండి. గర్భం ఉండే అవకాశముంటే అదీ చెప్పండి.

ఆ రోజు

మత్తు ఇవ్వకపోతే ఖాళీ కడుపుతో రావలసిన పని లేదు. షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేసి వచ్చి కళ్లు తిరిగి పడేవాళ్లున్నారు. మత్తు ఇస్తామంటే ఆరు గంటల ముందు నుంచి తినకూడదు, షుగర్ మాత్ర సంగతి ముందే అడగండి. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. నడుం మీద నూనె, పట్టు, బామ్ ఏమీ వద్దు. పాత ఎంఆర్ఐ ఫిల్ములు తెచ్చుకోండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. తోడు మనిషి ఉండాలి.

అల్ట్రాసౌండ్ మెషీన్ ఉన్న ప్రతి చోటా పీసీపీఎన్డీటీ చట్టం కింద తీసుకున్న రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, లింగ నిర్ధారణ చేయబోమన్న బోర్డు గోడకి కనబడాలి. నొప్పి క్లినిక్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ఇక గదిలో శుభ్రత చూడండి. పొట్ట స్కానింగ్‌కి వాడే పెద్ద బాటిల్ జెల్ సూది గుచ్చే చోట వాడకూడదు. అలాంటి జెల్‌లో బ్యాక్టీరియా పెరిగి రోగులకి ఇన్‌ఫెక్షన్లు వచ్చిన సందర్భాలున్నాయి. చిన్న ప్యాకెట్లో వచ్చే స్టెరైల్ జెల్, ఒంటి మీద ఆనించే ప్రోబ్‌కి స్టెరైల్ కవర్, డాక్టర్‌కి మాస్కు, గ్లౌజులు ఉండాలి. చర్మానికి పూసిన మందు ఆరనివ్వాలి, తడి ఉండగానే గుచ్చకూడదు. మందు సీసా మీ ముందే తెరవమనండి. 2012లో అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఒక ఫార్మసీ తయారుచేసిన స్టెరాయిడ్‌లో ఫంగస్ చేరి, వెన్ను ఇంజక్షన్లు తీసుకున్నవాళ్లతో సహా 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. అక్కడ డాక్టర్ల చేతుల్లో తప్పు లేదు, సీసాలో ఉంది.

ఇంటికి వచ్చాక

కాలు కొన్ని గంటలు మొద్దుబారినట్టు ఉండవచ్చు. తోడు లేకుండా మెట్లు దిగకండి, ఆ రోజు బండి నడపకండి. సాయంత్రానికి ఇంజక్షన్‌లో కలిపిన మొద్దుబార్చే మందు ప్రభావం పోయి పాత నొప్పి తిరిగి వస్తుంది, చాలామంది ఇక్కడే "ఫెయిలైంది" అనుకుంటారు. స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మొహం ఎర్రబడటం, నిద్ర పట్టకపోవడం, ఎక్కిళ్లు, నెలసరి అటూ ఇటూ కావడం కొందరిలో కనబడి వాటంతట అవే తగ్గుతాయి. గుచ్చిన చోట ఐసు పెట్టవచ్చు. మాలిష్ చేయించుకోకండి, ఒక రోజు చెరువులో, తొట్టిలో మునగకండి.

లేచి కూర్చుంటే తల పగిలిపోతున్నట్టు, పడుకుంటే తగ్గుతున్నట్టు ఉంటే ఎపిడ్యూరల్ సూది వెన్నుపాము పొరకి చిల్లు పెట్టి ఉండవచ్చు, క్లినిక్‌కి ఫోన్ చేయండి. ఇంజక్షన్ తర్వాత కాళ్లు లేదా చేతులు బలహీనపడుతూ పోవడం, తగ్గాల్సిన మొద్దు పెరగడం, మూత్రం ఆగిపోవడం, వెన్నులో కొత్తగా భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, ఇవి వస్తే తెల్లారేదాకా ఆగవద్దు. వెన్నులో రక్తం పోగై నొక్కుతుంటే కొన్ని గంటల్లోనే తీసేయాలి, ఆలస్యమైతే కాళ్లు తిరిగి రాకపోవచ్చు. రాత్రిపూట చిన్న క్లినిక్ తలుపు తట్టి సమయం పోగొట్టుకోకండి. ఎంఆర్ఐ, వెన్నెముక సర్జన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లి, "ఫలానా రోజు వెన్నులో ఇంజక్షన్ చేయించుకున్నాను, రక్తం పలచబరిచే మందు వాడతాను" అని ముందుగా చెప్పండి. ఆ ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు ఇంజక్షన్‌కి ముందురోజే తోడు వచ్చే మనిషి ఫోన్‌లో ఉండాలి.