స్టీమ్‌బోట్ రాక్ స్టేట్ పార్కులో క్యాంపింగ్: పాస్ తీసుకోవడం, సైట్ బుక్ చేసుకోవడం ఎలా?

జులై 4 సెలవులకి వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీమ్‌బోట్ రాక్‌లో టెంట్ వేయాలంటే, అంతకు ముందు అక్టోబర్ 4నే కూర్చుని బుక్ చేయాలి. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది మేము బాగా ఇబ్బంది పడ్డాం. శుక్రవారం మధ్యాహ్నం కారు నిండా సామాను సర్దుకుని, పిల్లల్ని, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారిని ఎక్కించుకుని దాదాపు నాలుగు గంటలు ప్రయాణం చేస్తే, ఒక్క సైటూ (టెంట్ వేసుకునే జాగా) ఖాళీ లేదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. వెనక్కి తిరిగి, చీకట్లో మోటెల్ వెతుక్కున్నాం. ఆ తర్వాత పద్ధతి తెలుసుకుని చాలాసార్లు వెళ్లాం. సియాటిల్, రెడ్‌మండ్, బోథెల్ వైపు ఉండే మన కుటుంబాలు చాలామంది ఇదే అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు అది ఎలాంటి చోటో చెప్పాలి. అది తెలిస్తే ఒక్క పూటలో చూసి వచ్చేయాలని ఎవరికీ అనిపించదు.

మనలో చాలామంది గండికోట చూసి ఉంటారు. పెన్నా నది ఎన్నో యుగాలుగా నెమ్మదిగా కోసుకుంటూ పోయిన లోయ అది. వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు వైపున్న గ్రాండ్ కూలీ అనే లోయ అలా పుట్టలేదు. మంచుయుగం చివర్లో, సుమారు 18,000 నుంచి 15,000 ఏళ్ల కిందట, ఇప్పటి మోంటానాలో ఒక పెద్ద సరస్సు ఉండేది. ఐడాహో దగ్గర నదికి అడ్డంగా దిగిన మంచు గోడే దానికి ఆనకట్ట. ఆ గోడ ఎత్తు 2,000 అడుగులు. నీళ్లు పెరిగి మంచు తెగినప్పుడల్లా సరస్సు మొత్తం కొద్ది రోజుల్లోనే ఖాళీ అయ్యేది. మళ్లీ మంచు కమ్ముకునేది, మళ్లీ తెగేది. ఇలా పదుల సార్లు జరిగింది. ఇటు ఒకానగన్ వైపు నుంచి దిగిన మరో మంచు నాలుక కొలంబియా నదికి అడ్డం పడటంతో వరదంతా గ్రాండ్ కూలీ మీదుగా పరుగెత్తింది. కింద ఉన్నది బసాల్ట్, అంటే మన వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద ఉండే లావా రాయి లాంటిదే. వరద దాన్ని దిమ్మెలు దిమ్మెలుగా పెకలించుకుపోయింది. లోయ మధ్యలో కొట్టుకుపోకుండా మిగిలిన దిమ్మె స్టీమ్‌బోట్ రాక్. నీటి మట్టం నుంచి 800 అడుగుల ఎత్తు, పైన 600 ఎకరాల చదును.

ఇంత పెద్ద లోయను వరదే తవ్విందని 1923లో జె హార్లెన్ బ్రెట్జ్ అనే ఆయన రాస్తే, పెద్ద పెద్ద భూగర్భ శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఆయన అంతకు ముందు సియాటిల్‌లోని ఫ్రాంక్లిన్ హైస్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పిన టీచర్. తన మాట నిజమని అందరూ ఒప్పుకునే దాకా బతికి, 1979లో, తొంభై ఏళ్లు దాటిన వయసులో, అమెరికా భూగర్భ శాస్త్ర సంఘం వారి పెన్‌రోజ్ పతకం అందుకున్నారు. ఈ కథ మా పిల్లలకి ఆ రాయి కిందే కూర్చుని చెప్పాను.

రాయి చుట్టూ ఉన్న నీళ్లు మాత్రం ఈ కాలపువి. గ్రాండ్ కూలీ డ్యామ్ దగ్గర కొలంబియా నీటిని పంపులతో పైకి ఎత్తి పాత లోయలో నింపారు. మన భాషలో చెప్పాలంటే ఎత్తిపోతల పథకం. అలా ఏర్పడిన 27 మైళ్ల బ్యాంక్స్ లేక్ నుంచే కింద 6 లక్షల ఎకరాలకు పైగా సాగునీరు వెళ్తుంది.

పగలు చూసి వచ్చేయడానికి

రాత్రి ఉండని వాళ్లకి కావలసింది స్టేట్ పార్కుల్లోకి వెళ్లడానికి తీసుకునే డిస్కవర్ పాస్ ఒక్కటే. అది మనిషికి కాదు, బండికి. కారులో ఎంతమంది ఉన్నా ఒకటే పాస్. ఏడాది పాస్ ధర 2025 అక్టోబర్ 1 నుంచి 30 డాలర్లు కాస్తా 45 అయింది. ఒక్కరోజు పాస్ 10 డాలర్లు. అమ్మే చోటును బట్టి దీని మీద కొద్దిగా సర్వీస్ చార్జీ పడొచ్చు. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, ఫిషింగ్ లైసెన్సులు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, కారు రిజిస్ట్రేషన్ రెన్యూ చేసేటప్పుడు దాంతో పాటే కట్టేయొచ్చు. ఏడాది పాస్ మీద రెండు నంబర్ ప్లేట్లు రాసుకునే వీలుంది. అంటే ఇంట్లో రెండు కార్లున్నా సరిపోతుంది, కాకపోతే ఒకసారికి ఒక కారుకే. నంబర్ రాయడం మర్చిపోకండి. పాస్ అద్దం దగ్గర కనబడేలా తగిలించకపోతే 99 డాలర్ల జరిమానా పడుతుంది.

డబ్బు పెట్టకుండా వెళ్లే దారి కూడా ఉంది. రాష్ట్రంలో చాలా లైబ్రరీలు డిస్కవర్ పాస్‌ని పుస్తకం ఇచ్చినట్టే ఇస్తాయి. లైబ్రరీ కార్డు ఉంటే చాలు. ఇది కాక, ఏడాదిలో కొన్ని రోజులు పాస్ లేకుండానే స్టేట్ పార్కుల్లోకి రానిస్తారు. జనవరి 1, జూన్ 19 అలాంటివి. ఆ రోజుల్లో కూడా క్యాంపింగ్ మాత్రం ఉచితం కాదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి సీనియర్ రాయితీ వస్తుందా అని చాలామంది అడుగుతారు. రాదు. ఆ రాయితీ పాస్‌లు వాషింగ్టన్‌లో నివాసం ఉన్నవాళ్లకే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి వర్తించవు.

రాత్రి ఉండటానికి సైట్ బుకింగ్

వచ్చే తేదీకి సరిగ్గా 9 నెలల ముందు నుంచి బుకింగ్ మొదలవుతుంది. ఆగస్టు 15కి వెళ్లాలంటే నవంబర్ 15న ఫోన్‌లో అలారం పెట్టుకోండి. బడి సెలవుల్లో శుక్ర, శనివారాలకి మొదటి రోజే ప్రయత్నించాలి. సోమవారం నుంచి గురువారం దాకా అంత టెన్షన్ ఉండదు. సెలవు పెట్టుకోగలిగితే ఆ రోజుల్లోనే వెళ్లండి, సరస్సు ఒడ్డు కూడా ప్రశాంతంగా ఉంటుంది.

బుకింగ్ వెబ్‌సైట్ వాషింగ్టన్ డాట్ గోయింగ్‌టుక్యాంప్ డాట్ కామ్. ఫోన్ చేయాలనుకుంటే 888-226-7688. ఆన్‌లైన్‌లో అయితే ముందు రోజే అకౌంట్ తెరిచి, పేరు, అడ్రస్, కారు నంబర్ నింపి పెట్టుకోండి. బుకింగ్ తెరుచుకున్న నిమిషంలో పాస్‌వర్డ్ కోసం తడుముకుంటే అనుకున్న సైట్ ఇంకొకరికి వెళ్లిపోతుంది. పార్కు పేరు, తేదీలు, ఎంతమంది, టెంటా ట్రైలరా అనేవి ఇస్తే మ్యాప్ వస్తుంది. ఖాళీగా ఉన్న సైట్ మీద నొక్కితే దాని ఫొటో, కొలతలు, నీడ ఉందా లేదా కనిపిస్తాయి. ఫొటో తప్పకుండా చూడండి. అక్కడ వేసవిలో 90 ఫారెన్‌హీట్ దాటడం మామూలే, చెట్టు నీడ లేని సైట్‌లో మధ్యాహ్నం పెద్దవాళ్లు కూర్చోలేరు. నచ్చినదాన్ని కార్ట్‌లో వేసి, నిబంధనలకు ఒప్పుకుని, అక్కడ ఉండబోయేది ఎవరో వాళ్ల పేరు ఇచ్చి కార్డుతో డబ్బు కట్టాలి. ఈమెయిల్‌లో కన్ఫర్మేషన్ వస్తుంది. కొండల మధ్య సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకుండా దాన్ని ప్రింట్ తీసుకుని వెళ్లండి.

ఏ రకం సైట్ తీసుకోవాలి? ఇక్కడ మామూలు టెంట్ సైట్లు తక్కువ. ఎక్కువ భాగం నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్ ఉన్న ఫుల్ హుకప్ సైట్లు. ఇవి ట్రైలర్ల కోసం పెట్టినవే అయినా టెంట్ వేసుకునేవాళ్లూ తీసుకోవచ్చు, కాకపోతే డబ్బు ఆ రేటే పడుతుంది. పాలు కాచుకోవాలి, రైస్ కుక్కర్ పెట్టాలి అనుకునే ఇంటివాళ్లకి కరెంటు ఉన్న సైటే మేలు అంటాను నేను. నేల మీద పడుకోలేని పెద్దవాళ్లుంటే క్యాబిన్లు ఉన్నాయి. అవి మూడే. కాబట్టి వాటికి 9 నెలల లెక్క ఇంకా కచ్చితంగా పాటించాలి.

ఒక సైట్‌లో 8 మందికి మించి ఉండకూడదు. నలుగురేసి ఉన్న రెండు కుటుంబాలు కలిసి వెళ్తూ ఇద్దరు పెద్దవాళ్లని తీసుకొస్తే 10 మంది అవుతారు, అప్పుడు రెండు సైట్లు కావాలి. మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నవి చూసుకోండి. సైట్ డబ్బులో ఒక కారు పార్కింగ్ కలిసి ఉంటుంది, ఆ పార్కులో ఉన్నన్ని రోజులు దానికి డిస్కవర్ పాస్ అక్కర్లేదు. రెండో కారుకి విడిగా రాత్రికింత అని కట్టాలి.

మీకు కావలసిన తేదీ నిండిపోయిందంటే వదిలేయకండి. రద్దు చేసుకునేవాళ్లు ఉంటారు. ప్రయాణానికి ముందు వారం, పది రోజులు పొద్దునా సాయంత్రం చూస్తూ ఉంటే మాకు రెండుసార్లు దొరికింది. మీరు రాలేకపోతే మీరూ వెంటనే రద్దు చేయండి. కొంత రుసుము పోయినా మిగతాది వెనక్కి వస్తుంది, ఆ సైట్ ఇంకో కుటుంబానికి దక్కుతుంది.

అక్కడికి చేరాక

చెక్‌ఇన్ మధ్యాహ్నం 2:30కి, ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నం 1కి. రాత్రి 10 నుంచి నిశ్శబ్దంగా ఉండాలి. పాటలు, గట్టిగా కబుర్లు అప్పటికి ఆపేయండి.

మంట విషయం మాత్రం అందరికీ చెప్తుంటాను. ఒకసారి మొక్కజొన్న పొత్తులు, పచ్చడికి వంకాయలు కాల్చుకుందామని అన్నీ తీసుకెళ్లాం. వెళ్లాక చూస్తే మంటలు పెట్టకూడదని నిషేధం. తూర్పు వాషింగ్టన్ ఎండాకాలంలో ఎండుగడ్డితో నిండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బయలుదేరే రోజు పార్కు పేజీలో నిషేధం ఉందేమో చూడండి. ఎప్పుడైనా సరే ప్రొపేన్ గ్యాస్ స్టవ్ వెంట ఉంచుకోండి, మామూలుగా దానికి అనుమతి ఉంటుంది. ఇంటి నుంచి కట్టెలు తీసుకెళ్లకండి, వాటిలోని పురుగులు అక్కడి చెట్లకి పాకుతాయి. దగ్గర్లోనే కొనుక్కోండి.

12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకి 19 అడుగుల లోపు పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి. 15 ఏళ్లు నిండినవాళ్లు చేపలు పట్టాలంటే లైసెన్స్ కావాలి.

రాయి పైకి ఎక్కే దారి చిన్నదే కానీ నిటారుగా ఉంటుంది. మొదట్లో కాళ్ల కింద రాళ్లు జారుతాయి. మంచి బూట్లు, నీళ్లు ఉండాలి, ఎండ రాకముందే బయలుదేరాలి. గడ్డిలో ర్యాటిల్‌స్నేక్‌లు తిరుగుతాయి, పిల్లల్ని దారి దాటనివ్వకండి. పైకి చేరాక అక్కడక్కడా గ్రానైట్ గుండ్లు కనిపిస్తాయి. నల్లటి లావా రాయి మీద తెల్లటి గ్రానైట్ ఎక్కడిదా అంటే, మంచు మోసుకొచ్చి వదిలేసింది. ఏప్రిల్, మే నెలల్లో ఆ చదునంతా పసుపు పూలతో నిండిపోతుంది. నడవలేని వాళ్లకి కింద సరస్సు ఒడ్డు ఉంది, మా అత్తయ్యగారు కుర్చీ వేసుకుని పొద్దుగూకే దాకా అక్కడే కూర్చున్నారు.

పగలు తిరుగు ప్రయాణంలో హైవే 155 మీదుగా దక్షిణానికి వచ్చి, కూలీ సిటీ దగ్గర హైవే 17 మీద ఉన్న డ్రై ఫాల్స్ దగ్గర ఆగండి. 400 అడుగుల ఎత్తు, మూడున్నర మైళ్ల వెడల్పు, చుక్క నీరు పారని జలపాతం. ఆ వరద ఇక్కడి నుంచే దూకింది. ఇది వేరే స్టేట్ పార్కు కిందికి వస్తుంది, ఒక్కరోజు పాస్ ముందే కొని కారులో పెట్టుకుంటే నిశ్చింతగా ఉంటుంది.