వానలు మొదలయ్యేలోపే కోళ్ల ఆవరణలో నేల సిద్ధం చేసుకోండి

పెరటి కోళ్ల ఆవరణ ఎండాకాలంలో ఎంత శుభ్రంగా ఉన్నా రెండు గట్టి వానలకు బురదగుంట అవుతుంది. చిన్న ఆవరణలో పచ్చిక మీద ఆశ పెట్టుకోకండి. కోళ్లు గీకి గీకి దాన్ని మట్టిలో కలిపేస్తాయి.

ఏం పరవాలన్నది తర్వాతి మాట. ముందు ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. పల్లం ఉంటే మట్టి వేసి వాలు సరిచేయండి. కప్పు మీది నీళ్లు లోపలికి పడకుండా మళ్లించండి. పాత రెట్ట గీకి తీసేయండి. బురద మీద ఎంత మంచి సరుకు పరచినా అది బురదలోకే దిగిపోతుంది.

తడి నేల అంటే నాకు భయం కాక్సీడియోసిస్ వల్లే. అది ఒక పరాన్నజీవి వల్ల కోళ్ల పేగులకు వచ్చే రోగం. రెట్టలో బయటికి వచ్చే ఆ పరాన్నజీవి గుడ్లు వెచ్చని తేమలో ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించేంతగా ఎదుగుతాయి. మూడు నుంచి ఎనిమిది వారాల కోడిపిల్లలకు ముప్పు ఎక్కువ. పిల్లలు ముడుచుకుని కూర్చుంటున్నా, రెట్టలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.

ఆరుబయట ఆవరణకు నా ఓటు ముతక చెక్క ముక్కలకే. నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన వేస్తే సందుల్లోంచి నీరు దిగిపోతుంది, పైన కాస్త ఆరుగా ఉంటుంది. చెక్కలోని కర్బనం రెట్టలోని నత్రజనిని కొంత పట్టి ఉంచడంతో ఘాటు కూడా తగ్గుతుంది. రంగు వేసిన, చెదల మందు పట్టించిన చెక్క మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

ఇసుకైతే ముతకది, అదీ కింద నీరు ఇంకే నేల ఉంటేనే. సన్న ఇసుక తడిసి గట్టిపడి కంపు కొడుతుంది. ఊక, ఎండుగడ్డి పైకప్పు కింద బాగానే ఉంటాయి కానీ వానలో నానితే బూజు పడతాయి. ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తులకు చేటు. పదునైన కంకర అరికాళ్లను కోస్తుంది. ఆ గాయంలో చీము గడ్డ కడితే మానడం చాలా కష్టం. తోటల్లో వాడే కోకో గింజల (చాక్లెట్ చేసే గింజల) పొట్టులో థియోబ్రోమిన్ ఉంటుంది, అది కోళ్లకు విషం.

వానల్లో అప్పుడప్పుడు నేల మీద పరచినదాంట్లోంచి గుప్పెడు తీసి పిండండి. నీరు కారినా, ముద్ద కట్టినా ఆ భాగం తీసేసి పొడిది వేయాలి. వాసన కూడా నిలబడి కాదు, వంగి కోడి తల ఎత్తులో చూడండి. అక్కడ మీ కళ్లు మండుతుంటే కోళ్లు రోజంతా అదే గాలి పీలుస్తున్నట్టు.