పాత స్పోర్ట్స్ బైకును కేఫ్ రేసర్‌గా మార్చే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

1960ల్లో లండన్ కుర్రాళ్లు కేఫ్ రేసర్లుగా, అంటే బరువు తగ్గించి, ముందుకు వంగి తోలేలా చేసిన బైకులుగా మార్చుకున్నవి సాదా బైకులు. అక్కర్లేని సామాను పీకేసి హ్యాండిల్ కిందికి దించితే సగం పని అయిపోయేది. 1980ల చివర్లో, 90ల్లో వచ్చిన స్పోర్ట్స్ బైకుతో అలా కుదరదు. అందులో దాదాపు ప్రతి భాగమూ రెండు పనులు చేస్తుంది. ఒకటి కంటికి కనిపిస్తుంది, రెండోది ఆ భాగం పీకేశాక గానీ తెలియదు. ఫెయిరింగ్ (బైకు ముందూ పక్కలా కప్పే తొడుగు) ఎదురుగాలిని కాయడమే కాదు, రేడియేటర్ వైపు గాలిని మళ్లిస్తుంది. ఎయిర్‌బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే పెట్టె) దుమ్మును ఆపడమే కాదు, కార్బురేటర్లకు గాలి నిలకడగా అందేలా చూస్తుంది. అందుకే ఏ బోల్టు మీద స్పానర్ పెట్టినా, ఈ భాగం ఇంకా ఏం పని చేస్తోందో ముందు చూసుకోండి.

విప్పక ముందు

సరిగ్గా నడవని బైకు మీద ఈ పని మొదలుపెట్టకండి. తర్వాత ఏదైనా తేడా వస్తే అది పాత జబ్బో, మీరు చేసిన మార్పు వల్ల వచ్చిందో తేల్చుకోలేరు. ఇంజిన్ వేడెక్కాక, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలవండి. వాటి మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే ముందు ఇంజిన్ సంగతి చూడాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టాలు, వాటిని బిగించే పై క్లాంపు మీదికి ఎన్ని మి.మీ. వచ్చాయో, రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం ఎంతో రాసి పెట్టుకోండి. ప్రతి పైపూ, ప్రతి వైరూ ఎటునుంచి ఎటు వెళ్తోందో ఫొటోలు తీయండి. మీ దగ్గరి రవాణా నిబంధనలు ఎంతవరకు మార్పు ఒప్పుకుంటాయో కోయకముందే కనుక్కోవాలి. ఫ్రేమ్ నంబరు ఉన్న చోట గ్రైండర్ తాకకూడదు, పెయింటు మందంగా పడకూడదు.

కోత, వెల్డింగ్

ముందుగా వెనక షాక్ అబ్జార్బర్ పై చివర ఎక్కడ బిగించి ఉందో చూడండి. ఒకే షాక్ ఉండే బైకుల్లో అది సాధారణంగా మెయిన్ ఫ్రేమ్‌కు ఉంటుంది, సబ్‌ఫ్రేమ్ (మెయిన్ ఫ్రేమ్ నుంచి వెనక్కి సాగే భాగం) మోసేది మనిషినీ సీటునీ. రెండు షాకులుంటే వాటి పై బిగింపులు ఫ్రేమ్ వెనక భాగంలోనే ఉంటాయి. ఆ బిగింపులకు ముందువైపు కోస్తే చక్రానికి ఆధారమే పోతుంది.

తర్వాత అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు, లేకపోతే అల్యూమినియం. హీట్ ట్రీట్‌మెంట్ చేసిన అల్యూమినియాన్ని వెల్డ్ చేస్తే అతుకు పక్కనున్న లోహం బలం బాగా పడిపోతుంది. అతుకు చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది, పగులు మాత్రం దాని పక్క గీతలో మొదలవుతుంది. సబ్‌ఫ్రేమ్ బోల్టులతో వచ్చేదైతే ఒరిజినల్‌ను కోయకుండా అటక మీద పెట్టి, అవే బోల్టు రంధ్రాలకు ఉక్కుతో కొత్తది చేయించడం మేలు. ఉక్కు గొట్టానికి వెనక లూప్ (సీటు చివర వంచిన గొట్టం) కలిపేటప్పుడు అంచుకు అంచు పెట్టి వెల్డ్ చేసి వదిలేయకండి. లోపల బిగుతుగా సరిపోయే గొట్టం ముక్క ప్రతివైపూ కనీసం 40 మి.మీ. దూరేలా పెట్టి, బయటి గొట్టానికి రంధ్రాలు వేసి వాటిలోనుంచి కూడా వెల్డ్ చేయాలి.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీసేసి, ఇగ్నిషన్ యూనిట్, రెగ్యులేటర్ ప్లగ్గులు ఊడదీయండి. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టాలి. ముందు చక్రం దగ్గర క్లాంపు పెట్టి వెనక వెల్డ్ చేస్తే కరెంటు స్టీరింగ్ బేరింగుల గుండా వెళ్లి బంతుల మీద గుంటలు పెడుతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన లోహం మీద ఆర్క్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద రాసింది చదవండి, క్లోరిన్ ఉంటే వెల్డింగ్ చేసే చోట దాన్ని వాడకండి. ఉక్కు కోసే డిస్కుతో అల్యూమినియం కోస్తే లోహం డిస్కుకు పట్టుకుని అది పగిలే ప్రమాదం ఉంది. షాక్ అబ్జార్బర్ డబ్బాలో నైట్రోజన్ ఒత్తిడితో ఉంటుంది, దాన్ని కోయడం, వేడి చేయడం అస్సలు వద్దు.

ట్యాంకు

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే అంటుకుంటుంది, ఖాళీ ట్యాంకులో సరిగ్గా అదే పరిస్థితి రావచ్చు. ఒంపేసి ఎండలో పెట్టినంత మాత్రాన చాలదు. అతుకుల మడతల్లో, లోపలి తుప్పులో పెట్రోలు దాక్కుని వేడి తగలగానే ఆవిరవుతుంది. ట్యాంకు అడుగు మార్చే వెల్డింగ్ పనిని, లోపలంతా కడిగి, మండని వాయువు నింపి చేసే అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. వేరే బైకు ట్యాంకు పెడుతుంటే గాలి రంధ్రం తెరిచి ఉందో లేదో చూసుకోండి, అది మూసుకుపోతే బైకు కాసేపు నడిచి ఆగిపోతుంది.

ఎయిర్‌బాక్స్

సీటు కింద ఖాళీ కనిపించాలని ఎయిర్‌బాక్స్ తీసేసి ఒక్కో కార్బురేటర్‌కు ఒక్కో చిన్న ఫిల్టర్ తగిలిస్తారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ కాలపు బైకుల్లో ఎక్కువగా ఉండేవి వాక్యూమ్‌తో స్లైడ్ లేచే కార్బురేటర్లు. రబ్బరు డయాఫ్రం పైనా కిందా ఉండే గాలి ఒత్తిడి తేడాతో ఆ స్లైడ్ లేస్తుంది. మూతి దగ్గర గాలి అదిరితే, పక్కగాలి కొడితే ఆ తేడా తారుమారై స్లైడ్ ఊగుతుంది. ఫలితం: కింది ఆర్‌పీఎంలో బాగానే ఉంటుంది, మధ్యలో ఒకచోట కొట్టుకుంటూ నీరసిస్తుంది, పైకి వెళ్లాక మళ్లీ లాగుతుంది. మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) పెద్దది వేస్తే పై భాగం మారుతుంది తప్ప మధ్యలోని ఆ గుంట పోదు.

ఇంకో సంగతి. కార్బురేటర్ మూతిలోకి టార్చి వేసి చూడండి, చుట్టూ సన్నని గాలి రంధ్రాలు కనిపిస్తాయి. ఫిల్టర్ రబ్బరు అంచు వాటిని కప్పేస్తే ఏ జెట్ వేసినా లెక్క కుదరదు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే ఇంజిన్ వేడెక్కుతుంది, ఎక్కువ లోడు మీద అలాగే తోలితే పిస్టన్ కాలే దాకా వస్తుంది. ఎయిర్‌బాక్స్ ఉంచేసి బ్యాటరీని వేరే చోటికి మార్చడమే మా సలహా. తీసేసి తీరాలనుకుంటే మెయిన్ జెట్ ఒక్కో సైజు చొప్పున పెంచుతూ, నీడిల్ (స్లైడ్‌కు ఉండే సూది) కింద 0.5 మి.మీ. వాషర్ వేస్తూ, ప్రతిసారీ స్పార్క్ ప్లగ్ రంగు చూసుకోండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి.

వేడి, వైరింగ్

ఫెయిరింగ్ పోయాక గాలి రేడియేటర్ గుండా కాకుండా పక్కల నుంచి జారిపోతుంది. రేడియేటర్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య సందును రేకుతో మూయండి, ఫ్యాన్ తీయకండి. కూలెంట్ సీసా వికారంగా ఉందని తీసేస్తారు గానీ, ఇంజిన్ చల్లారేటప్పుడు పొంగిన కూలెంటును వెనక్కి పీల్చుకునేది అందులోనుంచే. చిన్నదైనా పరవాలేదు, పైపు మొన ద్రవంలో మునిగి ఉండాలి.

పౌడర్ కోటింగ్ విద్యుత్తును ఆపుతుంది. ఫ్రేమ్‌కు ఎర్త్ తగిలే చోటును మాస్క్ చేయించండి, లేదంటే తళతళలాడే కొత్త ఫ్రేమ్ మీద ఒక్క లైటూ వెలగదు. లిథియం బ్యాటరీ పెట్టే ముందు 5,000 ఆర్‌పీఎం దగ్గర వోల్టేజి కొలవండి. 14.6 దాటితే రెగ్యులేటర్ సంగతి తేల్చండి. సైడ్ స్టాండ్ స్విచ్‌ను తీసేసి వైర్లు నేరుగా కలిపేయకండి.

స్టీరింగ్, చక్రాల కదలిక

క్లిప్-ఆన్లు (ఫోర్క్ గొట్టాలకు బిగించే పొట్టి హ్యాండిళ్లు) బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పండి. ట్యాంకుకూ లీవరు పట్టుకున్న వేళ్లకూ మధ్య కనీసం 10 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా తిప్పినప్పుడు ఆర్‌పీఎం పెరిగితే కేబుల్ లాగుతోందన్నమాట. ఫోర్క్‌ను క్లాంపులోంచి పైకి జరిపితే ముందు భాగం దిగి స్టీరింగ్ చురుకవుతుంది. 5 మి.మీ. చొప్పున జరిపి నడిపి చూడండి. స్ప్రింగులు తీసి ఫోర్క్‌ను అడుగుదాకా నొక్కి, టైరు రేడియేటర్‌కు గానీ కింది క్లాంపుకు గానీ తగలట్లేదని రూఢి చేసుకోవాలి.

వెనక షాక్ తీసి, దాని రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి, అందులోంచి రాడ్డు కదిలే పొడవును తీసేయండి. మిగిలిన పొడవుకు సరిపడా పట్టీ ఒకటి చేసి షాక్ స్థానంలో బిగిస్తే చక్రం ఎంత పైకి రాగలదో కళ్ల ముందు కనిపిస్తుంది. అప్పుడు టైరుకూ సీటు అడుగుకూ మధ్య 25 మి.మీ. మిగలాలి, అక్కడ వేలాడే వైరు ఉండకూడదు. చైన్ వదులు కూడా అప్పుడే చూడండి. ఇంజిన్ స్ప్రాకెట్, స్వింగ్‌ఆర్మ్ పివట్, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినచోట చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది.

పాతకాలపు గళ్ల టైర్లు ఫొటోలో బాగుంటాయి. బైకు వేగానికీ, రిమ్ వెడల్పుకూ, బరువుకూ సరిపోకపోతే పెట్టకండి. ముందు రేడియల్, వెనక క్రాస్ ప్లై లాంటి (లోపలి పోగుల అమరిక వేరుగా ఉండే రెండు రకాల టైర్ల) కలయిక వద్దు. టైరు పక్కన ఉండే నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం.

మొదటి రోజు

బ్రేక్ పైపుల బోల్టులకు కొత్త రాగి వాషర్లు వేయండి. లీవరు పట్టి రాత్రంతా కట్టి ఉంచి, తెల్లారి అతుకుల చుట్టూ తెల్ల కాగితంతో అద్ది తడి ఉందేమో చూడండి. మొదట ఖాళీ స్థలంలో నెమ్మదిగా, మంటలార్పే సిలిండర్ దగ్గరుంచుకుని నడపండి. 50 కి.మీ. అయ్యాక ప్రతి బోల్టునూ టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. కొత్త కోటింగ్ బోల్టు తల కింద నలిగి పలచబడుతుంది, బిగుతు అంతమేరా తగ్గుతుంది. సబ్‌ఫ్రేమ్, క్లిప్-ఆన్ బోల్టులను 200 కి.మీ. దగ్గర ఇంకోసారి చూడండి.