రాతిగుట్టల మీద వేసవి క్షేత్రపని: బయలుదేరక ముందే తేల్చుకోవలసిన విషయాలు

హైదరాబాద్ చుట్టుపక్కల భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకూ, భూముల కొలతలు తీసే సర్వేయర్లకూ క్షేత్రపని తరచు వేసవిలోనే పడుతుంది. పరీక్షలు ముగిసేది అప్పుడే, పొదలు పలచబడి రాయి బయటపడేదీ అప్పుడే. ఈ పనిలో ఎండ ముందుగా దెబ్బతీసేది ఒంటిని కాదు, మనిషి విచక్షణను. ఒంట్లో వేడి పెరుగుతున్నవాడు తనకేమీ కాలేదని, ఇంకో అరగంటలో పని అయిపోతుందని గట్టిగా వాదిస్తాడు. కాబట్టి పని ఎప్పుడు ఆపాలన్న నిర్ణయాన్ని గుట్ట మీద ఎవరి ధైర్యానికీ వదిలేయకుండా, ముందురోజు సాయంత్రమే బృందం పెద్ద నిర్ణయించి, అందరికీ చెప్పి, కాగితం మీద రాసి పెట్టాలి.

ఆ కాగితంలో మొదటి గీత వేళల గురించి ఉండాలి. వాతావరణ శాఖ ప్రకటించే 41 డిగ్రీలు నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉంచిన ఉష్ణమాపకం చూపినవి. నల్లగా కాలిన గ్రానైటు బండ మీద నిలబడ్డ మనిషి భరించేది అంతకు మించిన వేడి. పైగా మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తికి వస్తాడు గనుక, ఎంత పెద్ద బండ పక్కన కూర్చున్నా ఆ వేళ నీడ దొరకదు. గాలి వేడి మాత్రం ఆ తర్వాత కూడా పెరుగుతూ పోయి రెండు, నాలుగు గంటల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. అందువల్ల తెల్లవారుతూనే మొదలుపెట్టి పదిన్నరకల్లా గుట్ట దిగిపోవాలి, మిగిలిన పని ఉంటే నాలుగున్నర తర్వాత చూసుకోవాలి. తొలకరి పడ్డాక ఉష్ణోగ్రత తగ్గిందని ఈ నియమాన్ని సడలించకూడదు. ఉక్కపోతలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

కొత్తగా వచ్చినవారికి మొదటి రోజే పూర్తి పని అప్పగించడం పెద్ద తప్పు. ఎండకు శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు ఐదో వంతు పనితో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచుకుంటూ పోవాలి. సెలవు మీద వెళ్లి వచ్చిన పాతవారినీ కొన్నాళ్లు కొత్తవారిలాగే చూడాలి.

దాహం వేసేదాకా ఆగకుండా 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు నీళ్లు తాగాలి. ఆ లెక్కన ఐదు గంటల పనికి మనిషికి ఐదు లీటర్లు మోసుకెళ్లాలి. అయితే గంటకు లీటరున్నర దాటి తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం అవుతుంది. చెమట ఎక్కువగా పట్టినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి, నిమ్మరసం మేలు చేస్తాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను మొత్తంగా, దాని మీద రాసినన్ని నీళ్లలో కలపాలే తప్ప, గ్లాసుకు చిటికెడు చొప్పున అంచనా మీద వేయకూడదు. బీపీ, కిడ్నీ మందులు వాడేవారు ఉప్పు విషయంలో ముందే డాక్టరును అడగాలి. ఇరానీ చాయ్ ఎంత ఇష్టమైనా నీళ్ల లెక్కలోకి రాదు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకంతో పెట్టుకునేవారిని వద్దనక్కరలేదు గాని, దాని భరోసాతో నీళ్ల సీసా తగ్గించుకోవద్దని మాత్రం చెప్పాలి.

వదులైన నిండు చేతుల నూలు చొక్కా, వెడల్పు అంచు టోపీ, తడిపి మెడకు చుట్టుకునే తువ్వాల చాలు. బూట్లు మాత్రం చీలమండను పట్టి ఉంచేవి కావాలి.

తలనొప్పి, కండరాల పట్టేత, వికారం కనిపిస్తే నీడకు చేర్చి, నీళ్లిచ్చి, ఆ రోజుకు పని మాన్పించాలి. మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా, నడక తూలినా అది వడదెబ్బే అనుకొని కదలాలి. వడదెబ్బ తగిలితే చెమట పట్టదనే మాటను నమ్మి కూర్చోకూడదు. శ్రమ చేస్తూ పడిపోయినవారికి ఒళ్లంతా చెమట ఉండవచ్చు. అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, అట్టతోనో తువ్వాలతోనో ఆపకుండా విసరాలి. ఐసు ఉంటే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

ఇక రాయి సంగతి. మన గ్రానైటు ఉల్లిపొరల్లా విడిపోతుంది. పైకి గట్టిగా కనిపించే పలక కింద ఖాళీ ఉండవచ్చు. అంచు మీద కాలు మోపే ముందు సుత్తితో తట్టి చూడాలి: ఖంగుమంటే గట్టి రాయి, డొల్లగా మోగితే విడిపోయిన పలక. నమూనా కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, పక్కవారు కొన్ని అడుగుల దూరంలో ఉండాలి, కింద ఎవరైనా ఉంటే సుత్తి ఎత్తనే కూడదు. పాత క్వారీ గుంతల్లో నిలిచిన నీటిలోకి, చేతులు కడుక్కోవడానికైనా సరే, దిగకూడదు. ఆ గోడలు నిటారుగా ఉంటాయి, లోతు పైనుంచి తెలియదు.

కనిపించని పగుళ్లలో చేయి పెట్టవద్దు. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకుండా, కాటుపడ్డ అవయవం కదలకుండా పట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. బండల కింద కొండతేనె పట్టు కనిపిస్తే పొగ, అత్తరు వాసన, సుత్తి చప్పుడు లేకుండా వెనక్కి మళ్లాలి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలులతో వచ్చే వానలకు పిడుగులు తోడుంటాయి. దామిని యాప్ హెచ్చరికలు చూసుకుంటూనే, ఉరుము చెవిన పడిన మరుక్షణం గుట్ట దిగి భవనంలోకో కారులోకో చేరాలి. ఒంటరి చెట్టు కిందకు పోకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా తిరిగి ఎక్కవద్దు.

గుట్ట మీద ఇంటి నంబరు ఉండదు గనుక 108కు ఫోన్ చేసినప్పుడు చెప్పడానికి దగ్గరి రోడ్డు, గుడి లేదా దర్గా, అపార్టుమెంటు పేరు ముందే రాసుకుని ఉండాలి. ఫోన్ చేసినవారు రోగి దగ్గరే ఉండి, ఇంకొకరు రోడ్డు మీదికి వెళ్లి అంబులెన్సుకు ఎదురు నిలబడాలి. ఇందుకే బృందంలో ముగ్గురికి తక్కువ ఉంటే బయలుదేరకపోవడం మంచిది.